అడవికి వెళ్లే ముందు: సంచిలో ఏముండాలి? చేతికి ఏ పని రావాలి?



వేసవి సెలవులు దగ్గరపడితే మన ఓ.పి. వరండాలో తరచుగా ఒక మాట వినిపిస్తుంది. "సిస్టరమ్మా, పిల్లలతో నల్లమలకు పోతున్నాం. ఏమన్నా గోలీలు ఉంటే ఇయ్యండి." కొందరు మల్లెల తీర్థం జలపాతానికి, కొందరు ఉమామహేశ్వరానికి, కొందరు చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు వెళ్తారు. మన సంఘ యువత ఒకరోజు విహారానికి వెళ్తుంది. పాతబస్తీ నుండి మన్ననూరు చెక్‌పోస్టు సుమారు 140 కిలోమీటర్లు. పొద్దున్నే బయలుదేరితే రాత్రికి ఇంట్లో ఉండవచ్చు. అంత దగ్గర కాబట్టే అది పులులు తిరిగే అడవి అన్న సంగతి మరచిపోతాము.

గోలీలు ఇవ్వడం తేలిక. కానీ అడవిలో మనిషిని ముందుగా కాపాడేవి గోలీలు కావు. ఈ సంగతి నేను పుస్తకంలో చదివి కాదు, నా పొరపాటు వల్ల నేర్చుకున్నాను.

నేను చేసిన పొరపాటు

2017 వేసవిలో నలభై మంది యువతతో నేను కూడా మల్లెల తీర్థం వెళ్లాను. నర్సును కదా అని ఫస్ట్ ఎయిడ్ పెట్టె నాకు అప్పగించారు. దానిని వార్డు ట్రాలీ సర్దినట్టు సర్దాను. జ్వరం మాత్రలు, వాంతుల మాత్రలు, దూది, టింక్చరు, చివరికి బి.పి. మిషను కూడా పెట్టాను. నీళ్లు మాత్రం మనిషికి ఒక చిన్న సీసా చాలుననుకున్నాను.

జలపాతానికి మెట్లు దిగేటప్పుడు అందరూ హుషారుగా ఉన్నారు. మధ్యాహ్నం ఎక్కేటప్పటికి నీళ్లు అయిపోయాయి. పదహారేళ్ల అమ్మాయి ఒకతె మెట్ల మీద కూలబడి, పొంతన లేకుండా మాట్లాడసాగింది. ఒళ్లు పెనంలా కాలుతోంది. అదే సమయంలో తలలు లెక్కపెడితే ఒక బాబు తక్కువ వచ్చాడు. ఫోనుకు సిగ్నలు లేదు. ఎవరి దగ్గరా ఈల లేదు. పెట్టె తెరిచి చూస్తే ఆ క్షణానికి పనికివచ్చే వస్తువు ఒక్కటీ లేదు.

అటుగా వచ్చిన ఒక చెంచు పెద్దాయన తన డబ్బాలోని నీళ్లు ఆ అమ్మాయి తలపై, మెడపై పోసి, తువ్వాలుతో విసరమన్నాడు. నేను చేయవలసిన పని ఆయన చేశాడు. తరువాత బాబును వెదకడానికి వెళ్లాడు. పశువుల బాట పట్టి పోయిన ఆ బాబు గంటన్నర తరువాత ఒక బండ మీద ఏడుస్తూ కూర్చుని దొరికాడు. "తప్పిపోయినోడు ఒక్కతాన కూసుంటే మేమే దొరకబట్టుకుంటం. నడిస్తేనే కష్టం" అన్నాడు ఆ పెద్దాయన. ఆ మాట నాకు ఈనాటికీ పాఠమే.

ముందు ఏది ప్రమాదం?

అడవిలో బ్రతకడం నేర్పేవారు ఒక లెక్క చెబుతారు. గాలి లేకపోతే మూడు నిమిషాలు, విపరీతమైన ఎండలోనో చలిలోనో నీడ లేకపోతే మూడు గంటలు, నీళ్లు లేకపోతే మూడు రోజులు, తిండి లేకపోతే మూడు వారాలు. ఇది ఉజ్జాయింపు లెక్క మాత్రమే. ఏప్రిల్ ఎండలో నల్లమల గుట్టలు ఎక్కేవారికి నీళ్లు లేకుండా మూడు రోజులు కాదు, ఒక మధ్యాహ్నం కూడా ప్రమాదమే. అయినా ఈ లెక్క వరుసను నేర్పుతుంది: ముందు నీడ, తరువాత నీళ్లు, ఆ తరువాతనే తిండి. మనం సంచి సర్దేటప్పుడు ఈ వరుసను తలకిందులు చేస్తాము. బిర్యానీ గిన్నె ముందు ఎక్కుతుంది, నీళ్లు చివరికి గుర్తుకొస్తాయి.

సంచిలో ఉండవలసినవి

ఇవన్నీ బేగంబజారులో, మదీనా చుట్టుపక్కల దుకాణాలలో దొరికేవే. ఖరీదైన సామాను అవసరం లేదు.

1. నీళ్లు: ఎండాకాలం రోజంతా నడిచే పెద్దవారికి కనీసం 3 నుండి 4 లీటర్లు. స్టీలు సీసా గానీ, మళ్లీ మళ్లీ నింపుకునే గట్టి డబ్బా గానీ తీసుకోండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను నిషేధించారు.
2. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు: మనిషికి రెండు. లీటరు పొట్లాన్ని లీటరు నీళ్లలోనే కలపాలి. చిన్న గ్లాసులో చిక్కగా కలిపితే మేలుకు బదులు కీడు.
3. ఈల: ప్రతి ఒక్కరి మెడలో ఒకటి. అరిస్తే గొంతు పోతుంది, ఈల ఊదితే పోదు.
4. టార్చిలైటు, విడి బ్యాటరీలు: ఫోను లైటును నమ్ముకోవద్దు. ఫోను చార్జింగు మాట్లాడటానికి దాచండి.
5. పెద్ద తువ్వాలు లేదా పాత చీర: ఎండకు నీడ, తడిపితే చల్లదనం, విరిగిన చేతికి జోలె, మోయడానికి ఊయల. ఎరుపు, పసుపు వంటి కొట్టొచ్చినట్టు కనిపించే రంగు మంచిది.
6. బట్టలు: పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, చీలమండ మూసే బూట్లు. చెప్పులు వద్దు.
7. చేతికర్ర: ముందు నేలను తట్టుకుంటూ నడవడానికి.
8. గాయాలకు: శుభ్రమైన గుడ్డ, వెడల్పు బ్యాండేజి రెండు, సబ్బు. ఎప్పుడూ వాడే బి.పి., షుగరు, ఉబ్బసం మందులు రెండు రోజులకు సరిపడా.
9. తిండి: పల్లీ పట్టీలు, బెల్లం, ఖర్జూరం, అటుకులు. ఎండకు పాడు కావు.
10. ఒక కాగితం: పేరు, రక్తం గ్రూపు, వాడే మందులు, ఇంటి ఫోను నంబరు.

ఇలాంటిదే మరొక కాగితం ఇంట్లో ఇచ్చి వెళ్లండి: ఎక్కడికి వెళ్తున్నాము, ఎంతమందిమి, ఎన్ని గంటలకు తిరిగి వస్తాము. మీరు రాలేదని ఎవరికైనా తెలిస్తేనే కదా వెదికేది!

చేతికి రావలసిన పనులు

మొదటిది, తప్పిపోతే ఆగడం. 2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు ప్రయాణిస్తున్న హెలికాప్టరు నల్లమలలో పావురాలగుట్ట వద్ద కూలిపోయింది. అందులోని ఐదుగురూ మరణించారు. వైమానిక దళం, పోలీసు బలగాలు, అడవి గ్రామాల ప్రజలు అందరూ వెదికినా, ఆ స్థలం కనిపించింది మరునాడు ఉదయమే. అంత పెద్ద హెలికాప్టరునే ఆ చెట్లు ఒక పగలూ రాత్రీ దాచాయంటే, నడుచుకుంటూ తిరిగే ఒక పిల్లవాడిని కనిపెట్టడం ఎంత కష్టమో ఆలోచించండి.

2023 మే 1న దక్షిణ అమెరికాలోని కొలంబియాలో ఒక చిన్న విమానం అమెజాన్ అడవిలో కూలింది. పెద్దలందరూ చనిపోయారు. నలుగురు ఆదివాసీ పిల్లలు 40 రోజుల తరువాత ప్రాణాలతో దొరికారు. అందరికన్నా పెద్ద అమ్మాయికి 13 ఏళ్లు, చిన్న బిడ్డకు ఏడాది. విమానంలోని కర్రపెండలం పిండితోనూ, తరువాత అడవి పండ్లూ గింజలతోనూ గడిపారు. ఏది తినవచ్చో, ఏది తినకూడదో ఇంట్లో పెద్దలు ముందే నేర్పారు. వెదికేవారు వాళ్ల అమ్మమ్మ గొంతు రికార్డు చేసి హెలికాప్టరు నుండి వినిపించారు. ఆమె చెప్పిన మాట కూడా అదే: కదలకుండా ఒకచోట ఉండండి. తెలియని కాయ, ఆకు, పుట్టగొడుగు మన పిల్లలు మాత్రం నోట పెట్టకూడదు. ఆ విద్య మనకు రాదు.

కాబట్టి తప్పిపోతే ఆగండి, నీడన కూర్చోండి. మూడుసార్లు ఈల ఊది, కాసేపు ఆగి, మళ్లీ మూడుసార్లు ఊదండి. రంగు గుడ్డను బయటికి కనిపించేలా కట్టండి.

రెండవది, వడదెబ్బను గుర్తించడం. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడి, మనిషి అయోమయంగా ఉంటే అది మామూలు నీరసం కాదు. ముందు చల్లబరచాలి, తరువాత తరలించాలి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటినిండా నీళ్లు పోసి, ఆపకుండా విసరండి. జ్వరం మాత్ర ఇందుకు పనిచేయదు. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు, ఊపిరితిత్తులలోకి పోతాయి.

మూడవది, నీళ్లను శుభ్రం చేయడం. వాగు నీరు తేటగా ఉన్నా నమ్మకండి. మడతలు పెట్టిన గుడ్డతో వడపోసి, క్లోరిన్ బిళ్ల వేసి, దాని అట్ట మీద రాసినంతసేపు ఆగి త్రాగాలి. బిళ్లలు మందుల షాపులో దొరుకుతాయి. ఓ.ఆర్.ఎస్. పొట్లం లేకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు ఇలాంటి ద్రావణంతోనే ఎందరినో కాపాడారు.

నాల్గవది, పాము కరిస్తే చేయవలసినది. నేను కొత్తగా స్టాఫ్ నర్సుగా చేరిన రోజుల్లో ఒక తెల్లవారుజామున పన్నెండేళ్ల బాబును తెచ్చారు. నేల మీద పడుకున్నాడు, కడుపునొప్పి అని లేచాడు. కాటు గుర్తు లేదు. కనురెప్పలు వాలిపోతుంటే ఇంకా నిద్ర తీరలేదనుకుని మళ్లీ పడుకోబెట్టారు. అది కట్లపాము కాటు. వచ్చేసరికి ఊపిరి ఆగిపోతోంది. మేము కాపాడలేకపోయాము. ఆ తల్లి "నిద్రనుకున్నానమ్మా" అన్న మాట నేను మరువలేదు.

మన దేశంలో 2000 నుండి 2019 వరకు పాముకాటుతో ఏడాదికి సగటున 58,000 మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ ఒకే విరుగుడు ఇంజెక్షను ఉంది. అది ఆసుపత్రిలో నరానికి ఎక్కించేది, సంచిలో మోసేది కాదు. మీరు చేయవలసినవి ఇవి:

- ధైర్యం చెప్పండి, నడిపించవద్దు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేయండి.
- విరిగిన ఎముకకు కట్టినట్టు కర్ర పెట్టి ఆ కాలు లేదా చేయి కదలకుండా కట్టండి.
- కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడుతో బిగించవద్దు, మంత్రం కోసం ఆగవద్దు, పామును పట్టవద్దు.
- కరిచిన సమయం రాసి, 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చండి. మన్ననూరు వైపు వెళ్లేవారికి అచ్చంపేటలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది.

చిన్నపిల్లలకూ విరుగుడు మందు పెద్దల మోతాదే ఇస్తారు. పాము పిల్లలని చూసి విషం తగ్గించదు కదా! ఎక్కువ ఇస్తున్నారని కంగారుపడి ఆపవద్దు.

అడవి మర్యాద

నల్లమలలో నిప్పు రాజేయడం నేరం, వేసవిలో అది ఘోర ప్రమాదం కూడా. సినిమాలో చూసినట్టు మంట వేసి సైగ చేయాలని చూడకండి. ఈల, టార్చి, రంగు గుడ్డ చాలు. తేనెపట్టు క్రింద పొగ పెట్టవద్దు, రాళ్లు వేయవద్దు. తేనెటీగలు లేస్తే ముఖం కప్పుకుని దూరంగా పరుగెత్తండి. ఎలుగుబంటి ఉండే చోట్ల గుంపుగా, మాట్లాడుకుంటూ నడవండి. మన్ననూరు అడవి రోడ్డులో రాత్రి 9 నుండి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. ఆ సమయం చూసుకుని తిరుగు ప్రయాణం పెట్టుకోండి. అటవీశాఖ అనుమతి లేని దారిలోకి పోవద్దు.

ఇంట్లో సాధన

సామాను కొన్నంత మాత్రాన పని రాదు. ఒక ఆదివారం సాయంత్రం డాబా మీద ఇంటిల్లిపాదీ కూర్చుని ఈ ప్రశ్నలకు చేతలతో జవాబు చెప్పండి.

1. చీకట్లో సంచి నుండి టార్చి తీయడానికి ఎంతసేపు పట్టింది?
2. చీర, రెండు కర్రలతో తమ్ముడి కాలు కదలకుండా కట్టగలరా?
3. పొట్లం లేకుండా ఓ.ఆర్.ఎస్. కలపగలరా? రుచి చూడండి, కన్నీటికన్నా ఉప్పగా ఉండకూడదు.
4. ఇంట్లో అందరికన్నా చిన్నబిడ్డను అడగండి: "తప్పిపోతే ఏం చేస్తావు?" "ఆగుతా, కూసుంటా, ఈల ఊదుతా" అని చెప్పేదాకా నేర్పండి.

2018లో అదే యువతతో మళ్లీ అడవికి వెళ్లాను. బి.పి. మిషను ఇంట్లో ఉంచి, ఆ బరువుకు నీళ్లు మోశాను. మెడలో ఈలలతో నలభై మందీ వెళ్లారు, నలభై మందీ తిరిగి వచ్చారు. చెప్పుకోవడానికి ఆ రోజు ఏ కథా జరగలేదు. మీ ప్రయాణం కూడా అలాగే జరగాలని కోరుకుంటున్నాను.

ఈ పేజీని కత్తిరించి సంచి జేబులో పెట్టుకోండి.

మీ నర్సింగ్ సూపరింటెండెంట్