బడి ముంగిట సైనికుడు

పాఠ్యభాగ ఉద్దేశం: దేశరక్షణ బాధ్యతను నిర్వర్తించి స్వగ్రామాలకు మరలివచ్చిన మాజీ సైనికులను గౌరవించడంలో ప్రాథమిక పాఠశాల పాత్రను విద్యార్థులకు తెలియజేయడం.

ఊరిలోని పిల్లలందరూ పేద, ధనిక భేదం లేకుండా తొలిసారిగా ఒకే వరుసలో నిలబడే చోటు ప్రాథమిక పాఠశాల. ఉదయపు ప్రార్థన సమయంలో వారు కుడిచేయి చాచి ప్రతిజ్ఞ చెబుతారు. ఆ ప్రతిజ్ఞను రచించినవారు నల్లగొండ ప్రాంతానికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్న కాలంలో, 1962లో ఆయన దానిని తెలుగులో రాశారు. భారత, చైనా దేశాల మధ్య యుద్ధం జరిగిన సంవత్సరం కూడా అదే. తెలుగులో పుట్టిన ఆ ప్రతిజ్ఞ తరువాత ఇతర భాషలలోకి వెళ్లి దేశమంతటా బడులలో వినిపించింది. పెద్దలందరినీ గౌరవిస్తామని పిల్లలు అందులో మాట ఇస్తారు. అయితే ఆ పెద్దలలో ఊరి మాజీ సైనికుడు కూడా ఉన్నాడన్న సంగతి వారిలో ఎందరికి తెలుసు?

జవానుగా చేరిన వ్యక్తి సాధారణంగా ముప్పై అయిదు, నలభై ఏళ్ల ప్రాయంలోనే పదవీ విరమణ చేస్తాడు. అప్పటికి పిల్లల చదువులు పూర్తికావు; ఇంటి బాధ్యతలు తీరవు. అందువల్ల అతడు రెండవ ఉపాధిని వెదుక్కోక తప్పదు. బ్యాంకు గుమ్మం వద్ద తుపాకి ధరించి నిలబడే కాపలాదారులలో అనేకులు ఇట్టివారే. హిమశిఖరాలపై కావలి కాసిన మనిషి పక్కనుండి నడిచి వెళుతూ కూడా జనం అతనిని గుర్తించరు. 2022లో ప్రారంభమైన అగ్నిపథ్ పథకం కింద చేరిన యువకులలో ఎక్కువమంది నాలుగేళ్లకే ఇంటిముఖం పడతారు. కావున సైన్యం నుండి తిరిగివచ్చిన వారిని ఆదరించడమెట్లా అన్నది రానున్న కాలంలో ప్రతి ఊరూ ఆలోచించవలసిన విషయం.

మాజీ సైనికుల గౌరవార్థం మన దేశంలో జనవరి 14ను ప్రత్యేక దినంగా పాటిస్తున్నారు. భారత సైన్యానికి తొలి భారతీయ సర్వసేనాధిపతి అయిన కె.ఎం. కరియప్ప 1953లో అదే రోజున పదవీ విరమణ చేశారు. కాని తెలుగునాట ఆ రోజులలో సంక్రాంతి సెలవులు ఉంటాయి. బడి తలుపులు మూసి ఉంటాయి. బడి పిల్లలకు అందివచ్చే రోజు డిసెంబరు 7. అది సాయుధ దళాల పతాక దినోత్సవం. 1949 నుండి ఏటా జరుగుతోంది. సైన్యం, నౌకాదళం, వైమానిక దళాలకు సంకేతంగా ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగులు గల చిన్న కాగితపు జెండాలను ఆనాడు పంచి విరాళాలు సేకరిస్తారు.

ఆ ధనం ఎవరికి చేరుతుంది? యుద్ధాలలో గాయపడినవారి పునరావాసానికి, సేవలో ఉన్న సైనికుల కుటుంబాల క్షేమానికి, మాజీ సైనికుల, వారిపై ఆధారపడినవారి సంక్షేమానికి వినియోగిస్తారు. అయితే చాలా చోట్ల పిల్లలు ఇంటినుండి రూపాయి తెచ్చి డబ్బాలో వేస్తారు. జెండాను చొక్కాకు గుచ్చుకుంటారు. సాయంత్రానికి అది ఎక్కడో రాలిపోతుంది. తాను ఇచ్చిన రూపాయి వెనుక ఒక మనిషి ఉన్నాడని బాలునికి తెలియకపోతే ఆ దానం నిష్ఫలం కాకున్నా, ఆ పాఠం మాత్రం అసంపూర్ణమే.

ఆ పాఠాన్ని పూర్తిచేసే మార్గం సులభమైనదే. ఊరిలోని మాజీ సైనికుని బడికి ఆహ్వానించాలి. శాలువా కప్పి, దండ వేసి, అయిదు నిమిషాలలో సాగనంపితే చాలదు. అతనిని పిల్లల నడుమ కూర్చోబెట్టి మాట్లాడనివ్వాలి. “తాతగారూ, మీరెంతమంది శత్రువులను చంపారు?” అన్న ప్రశ్న పసివారి నోట సహజంగానే వస్తుంది. దానికి బాలుని మందలించనక్కరలేదు. సైనికుడు మౌనం వహిస్తే ఆ మౌనాన్ని గౌరవించడం నేర్పాలి. మంచులో అన్నమెట్లా వండుకునేవారు, ఇంటినుండి ఉత్తరం ఎన్నాళ్లకు చేరేది, భాష తెలియని తోటివారితో స్నేహమెట్లా కుదిరింది అని అడగడం ఉపాధ్యాయుడు ముందుగా నేర్పితే సంభాషణ తానే సాగుతుంది. యుద్ధాన్ని చూసిన మనిషి శాంతి విలువను చెప్పినంతగా మరెవరూ చెప్పలేరు.

ఇట్టి సంభాషణకు తెలుగునేలపై ఆధారాలకు కొదవలేదు. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం సమీపాన గల మాధవరం గ్రామాన్ని జనం ‘మిలిటరీ మాధవరం’ అంటారు. తరతరాలుగా సైన్యంలో చేరడం అక్కడి కుటుంబాలకు ఆనవాయితీ. విశాఖ సాగరతీరంలో ప్రదర్శనశాలగా మారిన కురుసుర జలాంతర్గామిని 2002 నుండి ప్రజలు సందర్శిస్తున్నారు. అందులో పిల్లలకు ఒక్కొక్క గదినీ చూపి వివరించేవారిలో విశ్రాంత నావికులు ఉండడం విశేషం. సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబు 2020 జూన్ 15న గల్వాన్ లోయలో అమరులయ్యారు. హైదరాబాదుకు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య 1999లో కార్గిల్ యుద్ధంలో ప్రాణాలర్పించారు. ఇరువురికీ మరణానంతరం మహావీరచక్ర లభించింది. గర్భవతి అయిన తన భార్యకు రోజుకొక మహాభారత కథ చెప్పవలసిందిగా పద్మపాణి యుద్ధభూమి నుండి తండ్రికి లేఖ రాశారు. పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు అబ్బాలన్నది ఆయన కోరిక. తుపాకుల మోతలో సైతం ఆ వీరుని మనసు ఒక పసిబిడ్డకు అందవలసిన కథపై నిలిచింది.

ఈ భావనకు అనుగుణంగానే 2021లో ‘వీర్ గాథా’ అనే కార్యక్రమం మొదలైంది. మూడవ తరగతి నుండి విద్యార్థులు శౌర్య పురస్కార గ్రహీతలను గూర్చి వ్యాసాలు, కవితలు, చిత్రాలు రూపొందిస్తారు. ఇది మెచ్చదగినదే. అయితే పతకం పొందినవారు కొందరే. పతకమేదీ లేకుండా విధిని నెరవేర్చి వచ్చినవారు లక్షలమంది. వారి కథలు పుస్తకాలకెక్కలేదు. బడి అడగకపోతే అవి వారితోనే అంతరించిపోతాయి.

గౌరవం ఒక్కరోజు సభతో ముగిసేది కాదు. ఏటా నవంబరులో పింఛనుదారులు జీవన ప్రమాణ పత్రం సమర్పించాలి. వేలిముద్ర యంత్రం ముందు తడబడే వృద్ధ సైనికునికి, అతని భార్యకు, సాయపడగల వయసు జూనియర్ కళాశాల విద్యార్థులది. బడిలో జెండా గుచ్చుకున్న చేయి, పెరిగి పెద్దదై ఆ వృద్ధుని చేయి పట్టుకున్ననాడు ప్రతిజ్ఞలోని మాట నిలబడుతుంది.

కఠిన పదాలు – అర్థాలు
ప్రాయం = వయస్సు
నిష్ఫలం = ఫలితం లేనిది
ఆనవాయితీ = వాడుకగా వస్తున్న పద్ధతి
అంతరించు = నశించు

ప్రశ్నలు
1. పతాక దినోత్సవ విరాళాలు ఎవరి క్షేమానికి వినియోగిస్తారు?
2. “ఆ పాఠం మాత్రం అసంపూర్ణమే” – సందర్భసహితంగా వివరించండి.
3. మీ ఊరిలోని ఒక మాజీ సైనికునితో మాట్లాడి, ఆయన అనుభవాలను ఒక పుటలో రాయండి.