పెడన అద్దకపు పాకలు

చిత్రలేఖనపు తరగతిలో ఒకరి పటమును మరియొకరు చూచి బాగున్నదనుట పరిపాటి. ఆ మాటకు అర నిమిషము చాలును. ఎందువలన బాగున్నదో చెప్పుమన్నచో పెక్కుమంది మౌనము వహింతురు. చేతిపని యెరిగినవారు తోటివారి పనిని చూచు విధము వేరు. వస్తువును చూచి తృప్తినొందక, అది పుట్టిన చోటును, పుట్టిన వరుసను వారు పరికింతురు. అట్టి చూపు నేర్చుటకు మచిలీపట్టణము సమీపమున పెడనలోనున్న కలంకారీ అద్దకపు పాకలకంటె మంచి బడి మాకు కానరాదు.

రంగులకు నిలయమని విని వెళ్లువారికి మొదట కొంత ఆశాభంగము కలుగును. ముందుగా తగులునది రంగు కాదు, వాసన. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపు నీటిలో దినములతరబడి పులియబెట్టుదురు. దీనికి కసిమి యని పేరు. నలుపునకు ఇదియే మూలము. వేరొకచోట ఉతికిన నూలుబట్టను కరక్కాయ నీటిలో ముంచి యెండవేయుదురు. ఎండిన బట్ట వెలవెలబోయిన పసుపుగా నుండును. దానిని చూచి మురియువాడు అద్దకపువాడు తప్ప మరియొకడుండడు.

ఆ బట్టను మెత్తలు పరచిన బల్లపై పరతురు. టేకు అచ్చును కసిమిలో తాకించి, బట్టపై నిలిపి, పిడికిట చరచగనే గీత పడును. పడిన గీత నల్లబారును. కరక్కాయలోని వగరును ఇనుమును కలియుటయే దీనికి కారణము. పూర్వము కరక్కాయయు అన్నభేదియు కలిపి సిరా కాచినవారు ఎరిగినదియు ఈ సంగతియే.

ఎరుపు కథ ఇంతకంటె చిత్రమైనది. ఎర్రపూవు కావలసినచోట అద్దునది ఎరుపు కాదు, పటిక. పటికకు స్వతహాగా రంగు లేదు. అద్దిన బట్టను పారు నీటిలో జాడించి, పెద్ద రాగి కాగులో ఎరుపునిచ్చు వేళ్లతో ఉడికింతురు. పటిక యున్నచోట ఎరుపు గట్టిగా పట్టుకొనును; లేనిచోట ఉతుకులలోను ఎండలోను వెలిసిపోవును. పూర్వము దీనికి చిరివేరు వాడిరి. అందలి ఎర్రని పదార్థమును 1868లో గ్రేబె, లీబర్మన్ అను జర్మను రసాయనవేత్తలు ప్రయోగశాలలో తయారుచేసిరి. అలిజరిన్ అను ఆ పదార్థము తరువాత ఈ కాగులలోనికిని వచ్చినది. మూలము మారినను పని వరుస మారలేదు. అద్దువాడు కంటికి కానరాని ఎరుపును మనస్సున నిలుపుకొని బల్లవెంట నడచును. కాలువగట్టున ఆరవేసిన బట్టల రంగులను మెచ్చుకొనువారు ఈ నడకను గూడ చూడవలెను.

అచ్చు చెక్కువాని పని వేరు. ఒక్క పూవునకు నల్లగీతకొక అచ్చు, లోపల నింపు ప్రతి రంగునకు ఒక్కొక్క అచ్చు కావలెను. వెంట్రుకవాసి తేడా వచ్చినను ఎరుపు గీత దాటి బయటికి పొంగును. చెక్కినవాని నేర్పును అందరికంటె ముందుగా తెలిసికొనునది అద్దువాని చేయి. అతని మెచ్చుకోలు ఒక్కొకప్పుడు మాటగా రాదు. పాత అచ్చును అరుగువరకు వదలకుండుటయే మెచ్చుకోలు. నలుపు, ఎరుపు మరకలు పట్టి గోడవార దొంతరగా నున్న ఆ చెక్కలు మాకు పాకలోనెల్ల అందమైనవిగా తోచును.

ఈ సముద్రతీరపు రంగుబట్టలను శ్రద్ధగా పరిశీలించి వ్రాసిన పరదేశీయులలో ఫాదరు కూర్దూ ఒకడు. ఈయన ఫ్రెంచి జెసూటు మిషనరీ. తెలుగు నేర్చి, నిఘంటు రచనయందును శ్రమించినవాడు. క్రైస్తవులైన చిత్రకారులను అడిగి తెలిసికొని, కరక్కాయ, గేదెపాలు మొదలుకొని ఎరుపు కాచువరకు పనియంతయు 1742లో ఒక లేఖయందు వివరించి ఐరోపాకు పంపెను. అప్పటికి ఫ్రాన్సులో 1686 మొదలు ఇట్టి బట్టలపై నిషేధముండెను. ఇంగ్లండులో 1721 నాటి చట్టము అద్దకపు నూలుబట్టల వాడుకను చాలవరకు అరికట్టెను. ఫ్రాన్సులో 1759లో నిషేధము తొలగినది. మరుసటి యేడే, 1760లో, ఓబర్‌కాంఫ్ అనునతడు జూయీ గ్రామమున గొప్ప అద్దకపు కర్మాగారము నెలకొల్పెను.

ఈ లేఖను మెచ్చుకొందుమా, నొచ్చుకొందుమా? మేము రెండును చేయుదుము. ఒక్కొక్క మెట్టును ఓపికతో అడిగి తెలిసికొనుటకంటె గొప్ప గౌరవము పనివానికి లేదు. నేటి చరిత్రకారులకు ఆ లేఖ పెన్నిధి. అయినను ఆ విద్యవలన కలిగిన లాభము సముద్రము దాటినది, చెప్పినవారికి దక్కలేదు. అడిగి నేర్చినవాడు ఎవరిని అడిగెనో చెప్పుట, వారికి రావలసినది వారికి ఇచ్చుట, ఇవి రెండును లేనిచో మెచ్చుకోలు సగమే. పక్కవాని పటమును చూచి గీసి తన పేరు వ్రాసుకొను బాలునికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదనుకొందుము.

శ్రీకాళహస్తిలో కలంకారీకి అచ్చులేదు. వెదురు కలమునకు చుట్టిన మెత్తను వ్రేళ్లతో నొక్కుచు, రంగు జార్చుచు, పురాణగాథలను చేతితోనే వ్రాయుదురు. ఆ పనిలో పేరుపొందిన జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చినది. కాళహస్తి కలము గొప్పదా, పెడన అచ్చు గొప్పదా యని వాదించుట వ్యర్థము. రెంటికిని కరక్కాయ ఒక్కటే.

నేడు అంగళ్లలో తెరపై నెట్టి ముద్రించిన కృత్రిమ రంగుల బట్టలును కలంకారీ పేరుతోనే అమ్ముడుపోవుచున్నవి. వెల తక్కువ గనుక కొనువారిని తప్పుపట్టము. కాని దానిని దీని పేరుతో అమ్ముట అన్యాయము. చెక్కువాని కూలికిని అద్దువాని కూలికిని దెబ్బ అచ్చటనే తగులును.

చేతి అచ్చును గుర్తించుటకు ఒక ఉపాయము గలదు. దుప్పటి నడుమనున్న పెద్ద చెట్టును ముందుగా చూడకుడు. అంచు వెంట పోయి, మూల తిరుగుచోట ఆగుడు. నిలువు వరుసయు అడ్డు వరుసయు అచ్చట కలిసికొనవలెను. దానికై కొందరు వేరుగా మూల అచ్చు చెక్కింతురు. కొందరు ఉన్న అచ్చునే మలుపునకు సరిపెట్టుదురు. ఒక తీగ కొంచెము కురుచగానో, ఒక ఆకు మరియొక ఆకుపై కొంచెము ఎక్కియో కానవచ్చును. వ్రేలితో తడవి చూడుడు. అద్దకపువాడు బల్లయొద్ద ఒక్క క్షణము నిలిచి ఆలోచించిన చోటు అదియే.