ఆపిల్ కుళ్లు, వాము నూనె: ఎంతవరకు నమ్మవచ్చు?

సిమ్లా కొండల్లో ఆపిల్ కోతలు సాగే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే కర్నూలు నల్లరేగళ్లలో వాము విత్తనం పడుతుంది. కోల్డ్ స్టోరేజీలో ఆపిల్ కుళ్లును వాము నూనెలోని థైమాల్ ఆపుతుందని వినగానే, ఈసారి ఒకటి రెండెకరాలు ఎక్కువ వేద్దామా అనిపించడం సహజం. ఆ మాట అబద్ధమేమీ కాదు. కానీ లెక్కలు వేసుకునే ముందు కుళ్లు ఎక్కడ మొదలవుతుందో చూడాలి. నీలి బూజు తెచ్చే పెనిసిలియం ఎక్స్‌పాన్సమ్ సున్నా డిగ్రీల దగ్గరా మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. చలి దాన్ని ఆలస్యం చేస్తుంది, చంపదు. అది లోపలికి దిగేది ఎక్కువగా దెబ్బ తగిలిన చోటునుంచే: గోరు గిచ్చిన చోట, పక్క కాయ తొడిమ గుచ్చుకున్న చోట, పెట్టె అంచు ఒరుసుకున్న చోట. నెలల తర్వాత గిడ్డంగిలో బయటపడే నష్టం చాలావరకు కోత రోజునే మొదలై ఉంటుంది.

థైమాల్ గానీ, లవంగంలోని యూజినాల్ గానీ శిలీంద్రపు కణపొరను దెబ్బతీస్తాయి. ప్రయోగశాల గాజు పళ్లెంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. కాయ సంగతి వేరు. బూజు కండలోకి దిగాక పైన తిరిగే ఆవిరి దాన్ని అందుకోవడం కష్టం. చలిలో నూనె ఆవిరి కావడమూ తగ్గుతుంది. పోనీ మోతాదు పెంచుదామంటే తొక్క మాడుతుంది, కాయకు వాసన పట్టుకుంటుంది. వాము వాసన కొట్టే ఆపిల్‌ను ఎవరు కొంటారు?

రసాయన మందులుండగా ఈ తంటా ఎందుకని అడగవచ్చు. థయాబెండజోల్ అనే శిలీంద్రనాశక మందుకు లొంగని బూజు చాలా దేశాల్లో పుట్టుకొచ్చింది, అందుకే వెతుకులాట. యూరప్‌లో యూజినాల్, జెరానియోల్, థైమాల్‌లకు 2013లో అనుమతి వచ్చింది. ఈ మూడూ కలిపిన మందును ద్రాక్షపై బూడిద రంగు బూజుకు వాడుతున్నారు. అయితే అది పచ్చి నూనె కాదు. ఈస్టు కణాల పొట్టులో నింపి, నిదానంగా విడుదలయ్యేలా తయారుచేసి తోటలో చల్లేది. ప్రకృతిసిద్ధమైనది కాబట్టి ఎంతైనా వాడవచ్చనే వాదన మాత్రం నిలవదు. నీలి బూజు వదిలే పాటులిన్ విషమూ ప్రకృతిసిద్ధమే. ఆపిల్ రసంలో అది కిలోకు 50 మైక్రోగ్రాములు మించకూడదని మన దేశంలోనే నిబంధన ఉంది.

కాబట్టి ఆపిల్ రైతు మొదట కోత కూలీల గోళ్లు కత్తిరింపించి, క్రేట్లు కడిగించి, దెబ్బతిన్న కాయలను గిడ్డంగి బయటే ఏరివేయాలి. నూనె సంగతి ఆ తర్వాత, అదీ కొద్ది పెట్టెల్లో పరీక్షించాకే. వాము రైతు ఈ ఏటి విస్తీర్ణాన్ని మసాలా, మందుల మార్కెట్ ధర చూసే నిర్ణయించుకోవాలి. ఆపిల్ పేరు చెప్పి ఎవరైనా ముందస్తు ధర ఇస్తామంటే, గింజలో నూనె శాతం, నూనెలో థైమాల్ శాతం ఎవరు, ఎక్కడ కొలుస్తారో కాగితం మీద రాయించుకోండి.