ఫ్లాక్ సంతలో కనబడని పాలు

సంత అంటే ఏమిటో మన ఎలమంచిలి ప్రాంతపు రైతుకు చెప్పనక్కరలేదు. సంతలో ఏమున్నదో చూస్తే ఆ ప్రాంతపు పంట తెలుస్తుంది. ఏమి లేదో చూస్తే ఆ ప్రాంతపు లోటు తెలుస్తుంది. మారిషస్ దేశం వెళ్ళినపుడు ఒక ఆదివారం మేము చూసిన సంత ఈ రెండవ సంగతిని బాగా నేర్పింది. ఆ పాఠం మన సంఘాల సభ్యులందరికీ పనికివస్తుందని ఇక్కడ వ్రాస్తున్నాము.

అదెక్కడి సంత?

మారిషస్ హిందూ మహాసముద్రంలోని చిన్న ద్వీపం. వైశాల్యం సుమారు 2,000 చదరపు కిలోమీటర్లు. 1834 నుండి చెరకు తోటల పనికి మన దేశపు కూలీలను ఒప్పందం మీద అక్కడికి తీసుకుపోయారు. వారిలో మన తీరాంధ్ర జిల్లాలవారూ ఉన్నారు. కోరంగి రేవులో ఓడ ఎక్కినందున తెలుగువారికి అక్కడ 'కోరంగీలు' అనే పేరు నిలిచింది. వారి సంతతివారు నేటికీ రామభజనలు, అమ్మోరు పండుగ చేసుకుంటారు, మన సింహాద్రి అప్పన్నను కొలుస్తారు.

ద్వీపానికి తూర్పున ఫ్లాక్ అనే పట్టణం ఉన్నది. అక్కడ బుధవారం, ఆదివారం జరిగే సంత ఆ దేశంలోకెల్లా పెద్ద ఆరుబయలు సంతగా పేరుపొందింది. కూరగాయల వరుసల్లో నడుస్తుంటే పరాయి దేశంలో ఉన్నామని అనిపించలేదు. కొత్తిమీరను వారు 'కోతోమిలి' అంటారు. మునగాకును 'బ్రెద్ మురూమ్' అంటారు. బెండకాయలు, బీరకాయలు, మిరపకాయలు రాశులుగా పోసి ఉన్నాయి. శనగపప్పు కూరి కాల్చిన పలుచని పూరీలు వేడివేడిగా అమ్ముతున్నారు.

ఎండకు దాహం వేసి 'అలూదా' అనే చల్లని పాల పానీయం తీసుకున్నాము. అందులో సబ్జా గింజలు, చైనా గడ్డి, తీపి పానకం ఉంటాయి. పాడి మనుషులం గనుక ఊరుకోలేక, పాలు ఏ ఊరినుండి వస్తాయని అడిగాము. అమ్మే ఆయన నవ్వి, వెనుక ఉన్న పాలపొడి సంచి చూపించాడు.

ఆవులు ఏమైనవి?

ఆ దేశం వాడుకునే పాలలో అధికభాగం న్యూజిలాండు వంటి దూరదేశాలనుండి పొడిరూపంలో ఓడలమీద వస్తుంది. ఒకప్పుడు ఇలా లేదు. వలసవచ్చిన కుటుంబాలు పెరట్లో ఒకటిరెండు ఆవులు కట్టుకొని, చెరకు ఆకు మేపి, ఇంటింటికీ పాలు పోసేవి. 1970 తరువాత ఎగుమతి బట్టల కర్మాగారాలు, యాత్రికుల హోటళ్ళు పెరిగాయి. పిల్లలు ఆ పనులకు పోయారు. గడ్డి కోసే చేతులు తగ్గాయి. పాలపొడి ప్రతి అంగట్లోనూ దొరకసాగింది. పెరళ్ళు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి.

ఇందులోని లెక్క చిన్నది. కిలో ఆవుపాలలో సుమారు 870 గ్రాములు నీరే. మిగిలిన పదార్థాన్ని పొడి చేస్తే నెలల తరబడి నిలువ ఉంటుంది. తాజా పాలు కొన్ని గంటలలో చల్లబరచకపోతే చెడిపోతాయి. అందుచేత సేకరణ, శీతలీకరణ, అమ్మకం ఒక త్రాటిపై నడిపే ఏర్పాటు లేకపోతే ఒంటరి రైతు పొడి ముందు నిలువలేడు.

మన దేశం నడిచిన దారి

మనకూ ఆ గండం వచ్చింది. 1970లో ప్రారంభమైన క్షీరవిప్లవ పథకం మొదటి దశలో విదేశాలనుండి 1,26,000 టన్నుల వెన్న తీసిన పాలపొడి, 42,000 టన్నుల బటర్ ఆయిల్ దానంగా వచ్చాయి. వాటిని చవకగా పంచిపెట్టి ఉంటే మన రైతు పాలు కొనేవారు ఉండేవారు కాదు. అలా చేయక, పాలుగా మార్చి తగిన ధరకు అమ్మి, ఆ సొమ్ముతో గ్రామ సంఘాలను, డెయిరీలను పెంచారు. 1998 నాటికి పాల ఉత్పత్తిలో మన దేశం ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది.

పాలపొడి చెడ్డదని మేము అనటం లేదు. చలికాలంలో మిగిలిన పాలను మన డెయిరీలూ పొడి చేసి వేసవిలో వాడుతాయి. ఆ పొడి ఎవరి పశువు పాలతో చేసినదన్నదే తేడా.

సంఘాలలో చర్చించవలసినవి

ఎలమంచిలికి దగ్గరలోని అచ్యుతాపురంలో ఇప్పుడు బట్టల కర్మాగారాలు ఉన్నాయి. మన ఊళ్ళ ఆడపిల్లలు ఎందరో బస్సులెక్కి ఆ పనికి పోతున్నారు. ఆ జీతం ఇంటికి అవసరమే, వద్దనరాదు. అయితే వారి తల్లులు అలసిపోయిన నాడు పశువును ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నను ఫ్లాక్ ప్రాంతంలో ఎవరూ సకాలంలో వేసుకున్నట్లు లేదు. కాబట్టి ప్రతి సంఘమూ వచ్చే సమావేశంలో ఈ విషయాలు మాట్లాడుకోవాలని కోరుతున్నాము:

1. మన ఊరిలో ఈ ఏడు పుట్టిన పెయ్యదూడలు ఎన్ని? పెంచుతున్నవి ఎన్ని, అమ్మివేసినవి ఎన్ని?

2. గడ్డికోసం దూరం పోకుండా, ఇంటికి కొద్ది సెంట్లలోనైనా పచ్చగడ్డి వేయగలవారు ఎవరు? విత్తనం, పిలకలు సంఘం ద్వారా తెప్పించుకొనగలమా?

3. పాల పరీక్ష, లెక్కలు, పశువుల ప్రథమ చికిత్స నేర్పటానికి ఊరిలో ఉన్న యువతీయువకులలో ఎవరిని ఎంచుకుందాం?

4. వేసవిలో పాలు తగ్గినపుడు పై ధరకు బయట పోయక, సంఘానికే పోయటానికి అందరం కట్టుబడగలమా?

ఖాళీ అయిన పశువులశాలను మరల నింపటం కష్టం. ఆవు ఉండగానే ఆలోచించుకోవటం తేలిక.