సూదిమందుతో దూరప్రయాణము

వేసవి వచ్చినదనిన మన పల్లెలలో ప్రయాణముల కాలము వచ్చినట్లే. పెండ్లిండ్లు, తిరునాళ్లు, పిల్లల సెలవులు, తిరుమల మొక్కులు, అన్నియు ఆ రెండు మూడు నెలలలోనే. ఇంటిలో ఇన్సులిన్ సూదిమందు తీసికొనువారున్నచో ఈ ప్రయాణము పెద్ద చిక్కుగా తోచును. మందును చల్లగా ఉంచవలెనని వైద్యుడు చెప్పియుండును. బస్సులో ఫ్రిజ్జు లేదు. పోయిన చోట ఉండునో లేదో తెలియదు. అందుచేత కొందరు ప్రయాణమే మానుకొనుచున్నారు. కొందరు "రెండు దినములే గదా" యని మందు మానుకొనుచున్నారు. మరికొందరు మందును మితిమీరి చల్లబరచుచున్నారు. ఈ మూడవ తెగవారిని గురించియే ముందుగా చెప్పవలసియున్నది; ఏలననగా అందరిలో శ్రద్ధ గలవారు వీరే.

మేమెరిగిన ఒక కుటుంబమువారు ఒక మే నెలలో పల్నాటినుండి విశాఖపట్టణమునకు పెండ్లికి బయలుదేరిరి. వారి పదకొండేండ్ల పిల్లవానికి కొన్నియేండ్లుగా మధుమేహము. ఉదయము, రాత్రి సూది వేయుట తండ్రి పని. ఆయన ముందుచూపు గల మనిషి. ఎండకు మందు చెడునేమోయను భయముతో ముందునాటి రాత్రి సీసాలను మంచుగడ్డలు కట్టు అరలో పెట్టెను. తెల్లవారి చూడగా మందు గట్టిగా గడ్డకట్టియుండెను. మరింత మంచిది, సాయంత్రమువరకు చల్లదనము నిలుచునని ఫ్లాస్కులో పెట్టుకొని బయలుదేరెను. మధ్యాహ్నమునకు మందు కరగి మామూలు మందువలెనే కనబడెను.

పెండ్లివారింట వేళ తప్పకుండ సూదులు వేసిరి. పిల్లవాడు మాత్రము చెంబులకు చెంబులు నీళ్లు త్రాగుచు, మాటిమాటికి మూత్రమునకు లేచుచుండెను. మూడవనాడు వాంతులు పట్టుకొన్నవి. విందుభోజనము పడలేదని పెద్దలనుకొనిరి. ఊపిరి వేగమై, నోట మాగిన పండ్ల వాసన వచ్చుచుండగా ఆసుపత్రికి తీసికొనిపోయిరి. అచ్చటి వైద్యురాలు చికిత్స మొదలుపెట్టి, మందు సీసాను తెప్పించి వెలుతురుకు పట్టి చూచినది. గాజు లోపలి వైపున సన్నని తెల్లని పలుకులు అంటియుండెను. పిల్లవాడు దక్కినాడు. తాను ఒక్క సూదియైనను మానలేదని ఆ తండ్రి అందరితోను చెప్పుచుండెను. ఆ మాట నిజమే. సూది మానలేదు, కాని సూదిలోని మందు పనిచేయు మందు కాదు.

ఇన్సులిన్ మాంసకృత్తుల జాతికి చెందిన పదార్థము. గ్రుడ్డులోని తెల్లసొనయు అట్టిదే. తెల్లసొనను వేడిచేసినచో గట్టిపడును. మరల చల్లార్చినను మునుపటి ద్రవముగా మారదు. ఇన్సులిన్ అంత త్వరగా చెడదు గాని, అధికమైన వేడిలో కొలది కొలదిగా బలము కోల్పోవును. గడ్డకట్టుటలో జరుగునది మరొకటి. నీరు మంచుగా మారునపుడు అందలి మందు అణువులు ఒకదానిమీదికొకటి నెట్టబడి ముద్దకట్టును. మంచు కరగును గాని ఆ ముద్దలు మునుపటివలె విడిపోవు. పాలవలె తెల్లగానుండు రకములో పలుకులైనను కంటికి కనబడవచ్చును. నీళ్లవలె స్వచ్ఛముగానుండు రకములో ఏ గుర్తును కనబడకపోవచ్చును. కాబట్టి ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్‌ను, కరగిన తరువాత ఎంత బాగుగా కనబడినను, పారవేయవలసినదే. ఖరీదైన మందు పారవేయుటకు చేయి రాదు. అయినను పారవేయవలెను.

ఈ మందు విలువ ఎట్టిదో తెలియుటకు కొంచెము వెనుకకు పోవలెను. 1921లో కెనడా దేశమున టొరంటో నగరములో బాంటింగ్, బెస్ట్ అను ఇద్దరు కుక్కల క్లోమగ్రంథినుండి దీనిని తీసిరి. 1922 జనవరిలో పదునాలుగేండ్ల బాలునికి మొదటిసారిగా ఇచ్చిరి. మొదటి సూది సరిగా పనిచేయలేదు. కాలిప్ అను రసాయనజ్ఞుడు దానిని శుద్ధిచేసిన పిమ్మట, కొలది దినములకే ఇచ్చిన రెండవ విడతలో బాలుడు తేరుకొనెను. అంతకు పూర్వము చిన్నతనములో ఈ వ్యాధి వచ్చిన పిల్లలు ఒకటి రెండు సంవత్సరములకు మించి బ్రతుకుట అరుదు. ఇప్పుడు వారు పెరిగి, చదివి, పెండ్లిండ్లు చేసికొని, ప్రయాణములు చేయుచున్నారు. ప్రయాణములో మందు కాపాడుకొనుట అను సమస్యయే ఆ భాగ్యమువలన వచ్చినది.

ఇక అసలు లెక్క. తెరవని సీసాలను, పెన్నులను 2 నుండి 8 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య నిలువచేయవలెను. ఇది ఫ్రిజ్జులో మామూలు అర. మంచు కట్టు అర కాదు, దానికి ఆనుకొనియున్న చోటు కూడ కాదు. వాడుట మొదలుపెట్టిన మందుకు ఫ్రిజ్జు అక్కరలేదు. చాల రకములు 25 లేక 30 డిగ్రీలకు మించని చోట 28 దినములవరకు బయట ఉండవచ్చును. కొన్నిటికి ఈ గడువు ఎక్కువ, కొన్నిటికి తక్కువ. పెట్టెలోని కాగితముపై వ్రాసియుండును. చదువరాకున్న మందుల దుకాణమువాని చేత చదివించుకొనవలెను. సీసా తెరచిన తేదీని దానిమీదనే వ్రాసియుంచుట మంచిది. పది దినముల పెండ్లి ప్రయాణమునకు మంచుగడ్డల అవసరమే లేదని దీనివలన తెలియుచున్నది. ఈ గడువులు ఇన్సులిన్‌కు సంబంధించినవి మాత్రమే. చలిలో ఉంచవలసిన ఇతర సూదిమందులలో బయట కొన్ని గంటలైనను నిలువనివి కలవు. వాటి సంగతి వాటి కాగితమునుబట్టియే తెలిసికొనవలెను.

అయితే 30 డిగ్రీలనగా మన వేసవిలో ఎక్కడిది? రెంటచింతల, రామగుండము, కొత్తగూడెము వంటి చోట్ల 44, 45 డిగ్రీలకు పోవు దినములు కలవు. ఈ ప్రశ్ననే ఎండప్రాంతములలో పనిచేయు వైద్యులును వేసికొనిరి. కెన్యా దేశపు ఉత్తర భాగమున శరణార్థుల శిబిరములోని ఇండ్లలో పగటికి రాత్రికి వేడి ఎట్లు మారుచున్నదో కొలిచి, 25కును 37 డిగ్రీలకును మధ్య అదేవిధముగా మారునట్లు చేసి, ఇన్సులిన్‌ను నాలుగు వారములు పరీక్షించిరి. ఫలితములు 2021లో ప్రకటింపబడినవి. చలిలో ఉంచిన మందుకును దీనికిని బలములో చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. కావున ఒకటి రెండు గంటలు ఫ్రిజ్జు లేకపోయినదని, ఒక రాత్రి కరెంటు పోయినదని భయపడి మందు మానుట పొరపాటు. అట్లని 45 డిగ్రీల ఎండలో నిలిపిన కారులో వదలివేయుటకు ఆ పరీక్ష అనుమతి కాదు. తలుపులు మూసిన కారు లోపలి వేడి బయటి వేడికంటె చాల మించును.

చల్లబరచుటకు మన పెద్దలెరిగిన ఉపాయమే చాలును. కూజాలో నీరు చల్లబడుటకు కారణము మట్టి రంధ్రములనుండి నీరు ఊరి, గాలికి ఆవిరియగుచు వేడిని తీసికొనిపోవుటయే. మందు సీసాను నీరు చొరని చిన్న సంచిలో పెట్టి మూతి బిగించి, దానిచుట్టు తడిగుడ్డ చుట్టి గాలి తగులు చోట ఉంచినచో ఇదే పని జరుగును. నీటిలో నానిన ఉబ్బు గుళికలు కుట్టిన గుడ్డసంచులు అంగళ్లలో దొరకుచున్నవి. అవియు ఇదే సూత్రముపై పనిచేయును. వాటిని తోలుపెట్టెలో బట్టల నడుమ దూర్చినచో గాలి తగులక ప్రయోజనముండదు. పోయిన చోట కొన్నాళ్లు నిలువవలసియున్నచో పెద్ద కుండలో తడి ఇసుక పోసి, నడుమ చిన్న కుండ పెట్టి, మందును అందుంచి, తడిగోనె కప్పవలెను. నైజీరియాలో మహమ్మద్ బా అబ్బా అను ఉపాధ్యాయుడు 1990 దశకమున కూరగాయల నిలువకై ఈ జంటకుండలను ఊరూర వ్యాప్తిచేసెను. రాయలసీమ, తెలంగాణ పొడిగాలిలో ఇది చక్కగా పనిచేయును. సముద్రతీరపు ఉక్కలో నీరు త్వరగా ఆవిరికాదు గనుక అంతగా చల్లబడదు. అక్కడ వెడల్పు మూతి ఫ్లాస్కును చల్లని నీటితో కడిగి, తుడిచి, మందును అందుంచుట మేలు.

నెలకు సరిపడు తెరవని సీసాలు తీసికొనిపోవువారికి మాత్రము మంచు పెట్టె కావలెను. అట్టివారు టీకాల దినమున ఏ.ఎన్.ఎం. చేయు పనిని ఒకసారి గమనింపవలెను. ఆమె గడ్డకట్టిన మంచు పలకలను తీసిన వెంటనే టీకా పెట్టెలో పెట్టదు. పైన పట్టిన మంచుపొర కరగి చెమర్చువరకు ఆగి, పలకను చెవివద్ద ఊపి, లోపల నీరు కదలు చప్పుడు వినిన తరువాతనే పెట్టును. గడ్డకట్టు అరలోనుండి అప్పుడే తీసిన మంచు సున్న డిగ్రీలకు చాల దిగువన ఉండును; కరగనారంభించిన మంచు సున్నవద్ద నిలుచును. కొన్ని టీకాలు కూడ ఇన్సులిన్‌వలె గడ్డకట్టిన చెడును గనుక ఆమెకు ఈ శిక్షణ ఇచ్చినారు. ఇన్సులిన్ తీసికొనిపోవువారును ఇట్లే చేసి, పలకకు తువ్వాలు చుట్టి, సీసా దానికి తగులకుండ చూడవలెను.

బస్సులో మందు సంచిని ఒడిలోనో ప్రక్కనో ఉంచుకొనవలెను. ఇంజనుమీద, డ్రైవరు ముందరి గాజుపలక దగ్గర, సామానుల అరలో పెట్టరాదు. రైలులో ఎండపడు కిటికీకి దూరముగానుండిన చాలును. విమానములో మందును చేతిసంచిలోనే తీసికొనిపోవలెను. క్రింది అరకు ఇచ్చిన పెట్టెకు అతిశీతలము తగులవచ్చును, పెట్టె దారితప్పవచ్చును కూడ. కరీంనగరు, నిజామాబాదు, కడప, కోనసీమ ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోవువారు వైద్యుని చీటీని మందుతోడనే ఉంచుకొనవలెను. దుబాయికి మనకు గంటన్నర, సౌదీ అరేబియాకు రెండున్నర గంటలు మాత్రమే వ్యత్యాసము గనుక సూది వేళలలో పెద్ద మార్పు రాదు. అమెరికా పోవువారు వేళలను గూర్చి ముందే వైద్యునితో మాట్లాడుకొనవలెను.

లెక్కకు రెండింతల మందు తీసికొని, రెండు సంచులలో ఇద్దరి చేత ఉంచుట మంచిది. దారిలో సీసా పగిలి క్రొత్త ఊరిలో కొనవలసివచ్చినపుడు ఒక పెద్ద ప్రమాదము పొంచియున్నది. మన దేశములో సీసాలు మిల్లీలీటరుకు 40 యూనిట్లవియు, 100 యూనిట్లవియు రెండును అమ్ముదురు. మొదటిదానికి ఎర్రమూత సిరంజి, రెండవదానికి నారింజరంగు మూత సిరంజి. 100 యూనిట్ల మందును ఎర్రమూత సిరంజితో 20 గీతవరకు తీసినచో లోపలికి పోవునది 20 యూనిట్లు కాదు, 50. అది ప్రాణాపాయము. తారుమారుగా 40 యూనిట్ల మందును నారింజమూత సిరంజితో తీసినచో 20కి బదులు 8 యూనిట్లే పోవును. దుకాణమువాడు "ఏదైనను ఒకటే" యనినను నమ్మరాదు; సీసామీది అంకెను స్వయముగా చూచుకొనవలెను.

ప్రయాణములో భోజనవేళలు తప్పును. సూది వేసికొని కూర్చున్న తరువాత బస్సు రెండు గంటలు ఆలస్యమగును. అందుచేత భోజనముతో తీసికొను ఇన్సులిన్‌ను విస్తరి ముందుకు వచ్చినపుడే వేసికొనుట క్షేమము. అయితే చిన్ననాటి మధుమేహము గలవారు తిండి లేదని ఇన్సులిన్ పూర్తిగా మానరాదు. ఎంత తగ్గింపవచ్చునో బయలుదేరుటకు ముందే వైద్యునడిగి కాగితముపై వ్రాయించుకొనవలెను. అలిపిరినుండి మూడున్నర వేల మెట్లెక్కు మొక్కున్నవారికి ఇది మరింత ముఖ్యము. శ్రమవలన రక్తములో చక్కెర తగ్గును. నడచు కాలి తొడలో వేసిన మందు త్వరగా ఎక్కును గనుక ఆనాడు పొట్టపై వేసికొనుట మంచిది. చెమటలు, వణకు, ఆకలి, తొట్రుపాటు కనబడినచో వెంటనే కూర్చుండి మూడు చెంచాల చక్కెరను నీటిలో కలిపి త్రాగవలెను. పావుగంటకు తగ్గనిచో మరల త్రాగవలెను. తెలివి తప్పినవాని నోటిలో ఏమియు పోయరాదు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన 108 వాహనమును పిలువవలెను.

వాడిన సూదులను బస్సు కిటికీనుండియు, సత్రపు చెత్తబుట్టలోనికిని విసరివేయువారిని మేము చూచియున్నాము. వాటిని ఏరునది పారిశుద్ధ్యపనివారి చేతులు, త్రొక్కునది పిల్లల కాళ్లు. ఒక గట్టి ప్లాస్టికు సీసాను వెంట తీసికొనిపోయి, సూదులన్నిటిని అందులో వేసి, మూత బిగించి, తిరిగివచ్చిన తరువాత దగ్గరలోని ఆసుపత్రిలో అప్పగింపవలెను.