పైన్ చెట్టు కింద ఏం పెరుగుతుంది?

ఢిల్లీలోని పాత బంగళాల ఆవరణల్లో, ఉద్యానాల్లో అక్కడక్కడా పైన్ చెట్లు కనిపిస్తాయి. చెట్టు నిటారుగా, పచ్చగా ఉన్నా దాని మొదలు చుట్టూ నేల మాత్రం చాలాచోట్ల బోసిగా ఉంటుంది. గడ్డి వేస్తే కొద్ది నెలల్లోనే పలచబడిపోతుంది. పూల మొక్కలు నాటితే వేసవి దాటవు. కారణం అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు ఒక్కటే: ‘రాలిన సూదుల్లాంటి ఆకుల వల్ల నేల ఆమ్లమయమవుతుంది.’ ఈ మాట నమ్మినవారు ఆమ్ల నేలలను ఇష్టపడే అజేలియా, కమీలియా, హైడ్రాంజియా వంటి మొక్కలను ఖరీదు పెట్టి కొంటారు. అవీ బతకవు. చివరికి నేలంతా తవ్వి, మొదలు చుట్టూ అడుగు ఎత్తున కొత్త మట్టి పోస్తారు. అప్పుడు ముప్పు చెట్టుకే వస్తుంది. రోగం ఒకటైతే మందు మరొకటి వేసినట్లవుతుంది.

ముందు చెట్టును గుర్తించాలి

నర్సరీల్లో ‘క్రిస్మస్ ట్రీ’ పేరుతో అమ్మే అరకేరియా పైన్ కాదు. కోస్తా ఆంధ్రలో విరివిగా పెంచే సరుగుడు కూడా పైన్ కాదు. ఉత్తర భారతంలో సాధారణంగా కనిపించేది చిర్ పైన్. మన గ్రంథాల్లో దీన్ని సరళ వృక్షం అంటారు. దీని ఆకులు సూదుల్లా సన్నగా, సుమారు 20 నుంచి 30 సెంటీమీటర్ల పొడవుంటాయి. మూడేసి సూదులు ఒకే తొడిమ నుంచి వస్తాయి. శాస్త్రీయ నామం పైనస్ రాక్స్‌బర్గీ. సామర్లకోటలో మొక్కల తోట నడిపి, కోరమండల్ తీరపు మొక్కలను గ్రంథస్థం చేసిన విలియం రాక్స్‌బర్గ్ పేరు మీదే దీనికి ఆ పేరు వచ్చింది.

ఈ చెట్టు సొంత ఊరు హిమాలయాల వాలు. సుమారు 500 నుంచి 2000 మీటర్ల ఎత్తులో బాగా పెరుగుతుంది. ఢిల్లీ ఎత్తు 200 మీటర్లకు కాస్త అటూ ఇటూ మాత్రమే. అంటే ఇక్కడి పైన్ పరాయి నేల మీద, పరాయి ఎండలో నెట్టుకొస్తోంది. దాని పక్కన ఏ మొక్క పెట్టినా ముందు చెట్టు క్షేమం చూడాలి.

ఆమ్లం లెక్క తేలదు

పచ్చి పైన్ ఆకుకు ఆమ్లగుణం ఉన్నమాట నిజమే. అయితే రాలి కుళ్ళే క్రమంలో ఆ గుణం చాలావరకు తగ్గిపోతుంది. పైగా ఢిల్లీ మైదాన నేలల పీహెచ్ సాధారణంగా 7.5 నుంచి 8.5 మధ్య ఉంటుంది. అంటే ఇవి క్షార నేలలు. వీటిలో చాలాచోట్ల సున్నం కూడా కలిసి ఉంటుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక చదరపు మీటరు విస్తీర్ణంలో 15 సెంటీమీటర్ల లోతు మట్టి సుమారు 200 కిలోలు తూగుతుంది. అందులో ఒక్క శాతం సున్నం ఉందనుకున్నా అది రెండు కిలోలు. అదే చోట ఏడాదికి అరకిలో సూదులు రాలాయనుకుంటే, వాటిలో అధికభాగం సెల్యులోజ్, లిగ్నిన్‌లే. ఆమ్లాలు కొద్దిపాటివి. పై పొరలో స్వల్ప మార్పు రావచ్చు కానీ, కింద ఉన్న రెండు కిలోల సున్నాన్ని అవి కరిగించలేవు. అందుకే ఆమ్లాన్ని కోరే అజేలియాకు పైన్ కింద కూడా ఇనుము సరిగా అందదు. ఆకుల ఈనెలు పచ్చగానే ఉన్నా మధ్యభాగం పసుపుబారుతుంది. ఆ మొక్కను చంపేది పైన్ కాదు, ఢిల్లీ మట్టి.

అసలు పోటీ నీటి కోసం

మరి పైన్ కింద నేల బోసిగా ఎందుకుంటుంది? నీడే కారణమని అటవీ నిపుణులు చాలాకాలం అనుకునేవారు. 1904లో జర్మనీలో ఫ్రిక్ అనే అటవీ శాస్త్రవేత్త పైన్ తోటలో కొంత నేల చుట్టూ కందకం తవ్వి, లోపలికి వస్తున్న చెట్ల వేళ్ళను తెంచాడు. కొమ్మలను ముట్టుకోలేదు కాబట్టి నీడ మారలేదు. అయినా కందకం లోపలి మొలకలు పుంజుకున్నాయి. తర్వాత అమెరికాలో టౌమీ, కీన్‌హోల్జ్ వైట్ పైన్ అడవిలో ఇలాంటి ప్రయోగమే చేసి 1931లో ఫలితాలు ప్రచురించారు. అక్కడా కందకం లోపల పచ్చదనం అలుముకుంది, బయట నేల బోసిగానే మిగిలింది. తేడా ప్రధానంగా వేళ్ళ పోటీదే. ముఖ్యంగా నీటి కోసం జరిగే పోటీది.

పైన్ నీటిని పీల్చే సన్నని వేళ్ళు ఎక్కువగా నేల పైపొరలోనే, కొమ్మల గొడుగు అంచు దాటి కూడా వ్యాపిస్తాయి. వాటిని అంటిపెట్టుకుని ఉండే శిలీంధ్రాలు మట్టి రేణువుల మధ్య నుంచి నీటిని, పోషకాలను చెట్టుకు చేరవేస్తాయి. చిన్న జల్లు పడితే చాలావరకు ఆకుల మీదే ఆగి ఆవిరైపోతుంది. ఢిల్లీ వర్షంలో సింహభాగం జులై నుంచి సెప్టెంబరు మధ్యే కురుస్తుంది. మిగతా నెలల్లో ఉన్న కాస్త తేమా పెద్ద చెట్టుకే దక్కుతుంది. రాలిన ఆకుల నుంచి ఊరే రసాయనాలు విత్తనాల మొలకను అడ్డుకుంటాయని ప్రయోగశాల పరిశోధనలు చూపాయి. అయితే తోటలో వాటి ప్రభావాన్ని నీటి పోటీ నుంచి విడదీసి చెప్పడం కష్టం.

ఈ సంగతిని ఎవరి తోటలో వారే పరీక్షించవచ్చు. ఒకే రకం మొక్కలు రెండు తీసుకుని, ఒకదాన్ని పైన్ కింద నేలలో, మరొకదాన్ని అక్కడి మట్టినే నింపిన కుండీలో నాటాలి. కుండీని ఆ పక్కనే ఇటుకల మీద ఉంచాలి. రెండింటికీ సమానంగా నీళ్ళు పోయాలి. నీడ, మట్టి, రాలే ఆకులు ఒకటే. కుండీలోది కోలుకుని నేలలోది వాడిపోతే కారణం వేళ్ళ పోటీయే.

తోడు నిలిచే మొక్కలు

కాబట్టి వెతకవలసింది ఆమ్లాన్ని ఇష్టపడే మొక్కలను కాదు. పొడి నీడను, క్షార నేలను ఓర్చుకునే మొక్కలను. ఢిల్లీ రిడ్జ్ అడవుల్లో సహజంగా పెరిగే అడ్డసరం, ముళ్ళగోరింట ఇందుకు తగినవి. అయితే వీటిని మొదలుకు దూరంగా, కాస్త వెలుతురు పడే అంచున నాటాలి. లోపలి నీడలో స్నేక్ ప్లాంట్, స్పైడర్ ప్లాంట్, రియో, స్ప్రెంజెరీ ఆస్పరాగస్ నిలదొక్కుకుంటాయి. గొడుగు అంచున ఎండ తగిలేచోట నందివర్ధనం, రెయిన్ లిల్లీ బాగుంటాయి. లాంటానా, వెడీలియా త్వరగా అల్లుకుంటాయి కానీ, అదుపు తప్పి వ్యాపిస్తాయి కనుక వద్దు. రోజూ నీరు కోరే పచ్చిక కూడా తగదు. నిత్యం తడిగా ఉండే నేలలో పైన్ వేళ్ళు కుళ్ళే ప్రమాదం ఉంది.

నాటే పద్ధతి

నాటడానికి తొలకరి తర్వాత జులై, ఆగస్టు అనువైన నెలలు. చిన్న సంచుల్లోని లేత మొక్కలే ఎంచుకోవాలి. వాటికి చిన్న గుంత చాలు. పలుగు, పార వాడకుండా చేతి తాపీతో వేళ్ళ మధ్య సందుల్లో నాటాలి. బొటనవేలంత లావు వేరు అడ్డొస్తే దాన్ని నరకకుండా గుంతను పక్కకు జరపాలి. మొదటి రెండు వేసవులు మొక్క పాదులో మాత్రమే నీరు పోయాలి.

మొదలు చుట్టూ కనీసం ఒక మీటరు మేర ఏమీ నాటకూడదు, మట్టి పోయకూడదు, సిమెంటు వేయకూడదు. వేళ్ళకు నీటితో పాటు గాలి కూడా కావాలి. ఎత్తైన మట్టి దిబ్బ ఆ గాలిని అడ్డుకుంటుంది. నష్టం వెంటనే కనిపించదు. కొన్నేళ్ళకు కొమ్మలు ఎండుతుంటే కారణం ఎవరికీ గుర్తుండదు. చెట్ల మొదళ్ళ చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లో ఢిల్లీ అధికారులను ఆదేశించింది.

రాలిన సూదులను ఊడ్చేయనక్కర్లేదు. మొక్కల మధ్య రెండు మూడు అంగుళాల మందాన ఉంచితే తేమ నిలుస్తుంది. అయితే అవి సులభంగా అంటుకుంటాయి కనుక వేసవిలో గోడలకు, కరెంటు తీగలకు దూరంగా ఉంచాలి. కాల్చడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తగదు.

ఇన్ని చేసినా పైన్ కింద దట్టమైన పూలతోట రాదు. హిమాలయాల్లోనూ చిర్ పైన్ నీడన గడ్డి, అక్కడక్కడా పొదలే కనిపిస్తాయి. పలుచగా నాటిన నాలుగు గట్టి మొక్కలు, వాటి మధ్య పరుచుకున్న ఎండుటాకు: ఆ చెట్టుకు తగిన తోట అదే.