పెరటి వంటశాల: ఖర్చు ఎంతైనా సూత్రం ఒక్కటే

అమెరికాలోని తెలుగు ఇండ్లలో తాళింపు ఘాటు తివాచీలకు, తెరలకు పట్టి రోజుల తరబడి వదలదు. ఎండుమిరపకాయలు వేగగానే పొగను కనిపెట్టే గంట మోగుతుంది. పండుగనాడు యాభై మందికి గారెలు, బూరెలు వండవలసి వస్తే పొయ్యి ఆరుబయటకు చేరడం సహజమే. అయితే ఎంత ఖర్చు పెట్టాలన్న ప్రశ్నకంటె ముందు, ఇంధనం గాలిలో ఎట్లా ప్రవర్తిస్తుందో తెలుసుకోవడం అవసరం.

భారతదేశంలోని వంటగ్యాసు ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమం. అమెరికా సిలిండర్లలో ఉండేది ప్రధానంగా ప్రొపేను. బ్యూటేను 0 డిగ్రీల సెల్సియసు దాపునే ఆవిరి కావడం మానివేస్తుంది. ప్రొపేను మరిగే ఉష్ణోగ్రత -42 డిగ్రీలు. కనుకనే శీతకాలంలోనూ పొయ్యి వెలుగుతుంది. కాని ప్రొపేను గాలికంటె సుమారు ఒకటిన్నర రెట్లు బరువైనది. కారితే పైకి పోక, నేలబారున ప్రాకి పల్లపు చోట్ల నిలుస్తుంది. గాలిలో దాని పాలు 2 శాతం దాటితే ఒక్క నిప్పురవ్వ చాలు. గొట్టాలద్వారా వచ్చే సహజ వాయువులో ముఖ్యాంశమైన మీథేను గాలికంటె తేలిక. అది పైకి పోతుంది.

కొద్దిపాటి ఖర్చుతో సరిపెట్టుకొనేవారికి ఇనుప స్టాండు మీది ఒంటిపొయ్యి, ఒక సిలిండరు చాలును. దానిని చదునైన కాంక్రీటు నేలపై, ఇంటి గోడకు దూరంగా ఉంచవలెను. వాన వచ్చినదని గరాజులోకి చేర్చరాదు. తలుపు తెరిచి ఉన్నా అది ఆరుబయలు కాదు. గాలి చాలక మండినప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్‌కంటె 200 రెట్లకు పైగా బలంగా పట్టుకొంటుంది. సిలిండరు బిగించిన ప్రతిసారీ అతుకులకు సబ్బునీరు రాయాలి. బుడగలు లేస్తే గ్యాసు కారుతున్నట్లే. కాగే నూనె అంటుకుంటే నీళ్ళు పోయరాదు. నీరు ఆవిరియై సుమారు 1,700 రెట్లు వ్యాకోచించి, మండే నూనెను చిమ్ముతుంది. బాణలికి సరిపడే మూత చేతికందేటట్లు ఉండవలెను.

మధ్యరకం ఖర్చులో చక్రాల పొయ్యి, స్టీలు బల్ల అమరుతాయి. ఇక్కడ లోహం ఎంపిక ముఖ్యం. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెలు ఉంటాయి. 316 రకంలో అదనంగా ఉండే 2-3 శాతం మాలిబ్డినం ఉప్పుగాలిని తట్టుకొంటుంది. ఫ్లోరిడా వంటి తీరప్రాంతాలలో అదే మేలు. ఏ రకమైనా ఉప్పు, చింతపండు రసం పడితే వెంటనే కడగాలి. బ్లీచితో తోమితే అందులోని క్లోరిన్ లోహపు రక్షణపొరను దెబ్బతీస్తుంది.

వేల డాలర్లు వెచ్చించి ఇటుకలతో స్థిరమైన వంటశాల కట్టేవారు గ్యాసు గొట్టాన్ని లైసెన్సు ఉన్న పనివారిచేతనే వేయించుకోవాలి. ప్రొపేను సిలిండరు ఉంచే అరకు అడుగున, సహజ వాయువైతే పైభాగాన గాలిరంధ్రాలు తప్పనిసరి. ఒక గ్యాసుకొరకు చేసిన పొయ్యిని తగిన మార్పులు చేయించకుండా రెండవదానికి తగిలించరాదు. గట్టుకు చలువరాయికంటె గ్రానైటు మేలు. చలువరాయిలోని కాల్షియం కార్బొనేటును నిమ్మరసం తినివేస్తుంది. గడ్డకట్టిన నీరు 9 శాతం పెరుగుతుంది గనుక, చలి ప్రాంతాలవారు శీతకాలానికి ముందే కుళాయి గొట్టాలను ఖాళీ చేయాలి.

డబ్బు తక్కువైతే గ్రానైటును వచ్చే ఏటికి వాయిదా వేయవచ్చును. గాలిరంధ్రాన్ని, సబ్బునీటి పరీక్షను, బాణలి మూతను వాయిదా వేయరాదు. వాటికయ్యే ఖర్చు ఎటూ స్వల్పమే.